అత్త కాచిన ఇటుక

మా అత్త మునెమ్మ చేతికి వేడి తెలియదు. పొయ్యిలోంచి దొర్లిన నిప్పుకణికను రెండు వేళ్ళతో పట్టుకుని, తొందరేమీ లేకుండా మళ్ళీ పొయ్యిలో పడేసేది. రాగిసంకటి పొగలు కక్కుతుంటే చెయ్యి తడుపుకోకుండానే ఉండలు చేసేది. బైరెడ్డిపల్లె పక్క మెట్ట చేలల్లో పెళ్ళికి ముందు నుంచీ కూలికి పోయి, కొడవలి పట్టి, గట్లకు రాళ్ళు మోసిన చేతులవి. "నీ చేతులుండగా మనింట్లో పట్టకార దండగత్తా" అని నేను ఎగతాళి చేస్తే పళ్ళు లేని నోటితో నవ్వేది. మా నాన్నకు సొంత అక్క కాబట్టి నాకు ఆమె దగ్గర ఆ చనువు ఉండేది. పోయిన చలికాలంతో అదీ పోయింది.

ఆమె కొడుకు గురుమూర్తి నా మొగుడు. నాకు పుట్టినప్పటి నుంచీ బావ. పుంగనూరు నుంచి కుప్పానికి బస్సు తోలేవాడు. స్టీరింగు ముందు కూర్చుంటే మనిషి ఒక జానెడు పొడుగు పెరిగేవాడు. షుగరు ఉంది, దాన్ని ఏనాడూ లెక్క చేయలేదు. పోయినేడు కడుపులో కుడివైపు నొప్పి పట్టుకుంది. తిన్నదల్లా కక్కుకోవడం మొదలుపెట్టాక స్కానింగు తీయించాము. పిత్తాశయం నిండా రాళ్ళున్నాయన్నారు.

"చిన్న ఆపరేషనే. పూర్తి మత్తు ఇచ్చి తీసేస్తాం. రెండు మూడు రోజుల్లో నడుచుకుంటూ ఇంటికి పోతాడు" అన్నాడు మదనపల్లెలో ప్రైవేటు ఆసుపత్రి డాక్టరు. నడుచుకుంటూ అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

మార్గశిరం. మదనపల్లె చలి సంగతి చెప్పాలా? పొద్దెక్కినా టమాటా లారీలు లైట్లు వేసుకునే తిరుగుతున్నాయి. అత్త ఊరి నుంచి కంబళి కప్పుకుని దిగింది. బావను లోపలికి తీసుకుపోయేముందు నీలిమ అనే నర్సును పట్టుకుంది.

"లోపల సలిగా ఉంటాదా పాపా?"

"ఏసీ ఉంటాదవ్వా. ఉండాల."

"గుడ్డలిప్పి పండబెడతారా?"

"మత్తులో ఉంటాడు కదవ్వా, ఆయప్పకేమీ తెలీదు."

"వానికి తెలీకపోతే వాని ఒంటికి తెలీదా?"

నీలిమ నవ్వి వెళ్ళిపోయింది. నేనూ నవ్వాను. అత్తకు చలి అంటే అంత భయం మరి. ఊళ్ళో ఏ ఇంట్లో కాన్పు జరిగినా మంచం కింద కుంపటి పెట్టించేది ఆమే, బాలింత చెవుల్లో దూది కుక్కి తలకు గుడ్డ చుట్టేది ఆమే. కన్న ఒంట్లోకీ కోసిన ఒంట్లోకీ చలి దూరితే మనిషి దక్కదని ఆమె నమ్మకం. చదువుకున్న వాళ్ళ నడుమ ముసల్ది ఏదో గొణుగుతోందని మేమందరం వదిలేశాము. ఆమె భయం తప్పు కాదని నాకు తెలిసేసరికి ఆ తెలివి ఎందుకూ పనికిరాకుండా పోయింది.

చెప్పిన దానికంటే చాలా ఆలస్యంగా, మధ్యాహ్నం దాటాక స్ట్రెచరు బయటికి వచ్చింది. బావ పెదవులు నీలంగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే బావిగట్టు మీది రాయిలా చల్లగా తగిలింది. మంచం మీదికి మార్చిన కాసేపటికి వణుకు మొదలైంది. అలాంటి వణుకు నేనెప్పుడూ చూడలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఇనుప మంచం మొత్తం కదిలిపోతోంది. పిలిస్తే "ఊ" అంటాడు గానీ కళ్ళు తెరవడు. పైన కప్పిన ఆసుపత్రి దుప్పటి ఉతికి ఉతికి సన్నబడిపోయి ఉంది.

నీలిమ ఇంకో దుప్పటి తెచ్చి కప్పి, ఒక సూది వేసింది. "మత్తు దిగేటప్పుడు ఇట్లే వణుకుతారక్కా. మామూలే" అంది.

"ఇంకో రెండు దుప్పట్లు ఇయ్యి పాపా" అని అత్త బతిమాలింది.

"ఉతకను పోయుండాయవ్వా."

అంతలో కింద కాన్పు కేసు వచ్చిందని కేక వేశారు. నీలిమ నాకు మందుల చీటీ ఇచ్చి పరుగెత్తింది. అత్త కంబళి తీసి కొడుక్కి కప్పింది. నేను మందుల షాపుకు పోయాను. అక్కడ జనం కిటకిటలాడుతున్నారు. తిరిగి వచ్చేసరికి వణుకు ఆగిపోయి ఉంది. అత్త మంచం కాళ్ళ దగ్గర స్టూలు వేసుకుని, రాజ్యం గెలిచిన దానిలా కూర్చుని ఉంది.

"తగ్గిందా అత్తా?"

"తగ్గక యాడికి పోతాది? ఇటిక పెట్టినా."

ఆసుపత్రి వెనక, రోగుల వెంట వచ్చినవాళ్ళు నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి ఉంది. కూలిన ప్రహరీ గోడలోంచి ఒక ఇటుక తీసి, ఆ నిప్పుల్లో కాచి, తన పాత చీర పేలికలో చుట్టి దుప్పట్ల కింద బావ పాదాలకు ఆనించింది.

"కాలదా?" అన్నాను.

"నా సేత్తో పట్టి సూసే పెట్టినా. గోరెచ్చగుండాది. వీడు పుట్టినబ్బుడూ ఇంతే కదా. పుష్యమాసం, పాక మీద సగం కప్పు లేదు. బిడ్డ సల్లగైపోయినాడు. మంత్రసాని గూడా ఆశ ఇడిసిపెట్టేసింది. ఇటిక కాంచి పొత్తిగుడ్డల్లో పెడితే తెల్లారికి ఏడ్సినాడు. యా మందులో ఉండాది ఇంత మహిమ?"

నేను కంబళి మీద చెయ్యి పెట్టి చూశాను. హాయిగా ఉంది. సాయంత్రానికి బావకు బాగా తెలివి వచ్చింది.

"ఎట్లుండాది నాయనా?"

"బాగుండాదిమా. సలి పోయింది."

అత్త నా వైపు తిరిగి తల ఎగరేసింది. రేపు పొద్దున డాక్టరు వస్తే ఇటుక సంగతి చెప్పి నాలుగు మాటలు అడగాలని కూడా అనుకుంది. ఆ సాయంత్రం మా ముగ్గురికీ ఉన్న నిశ్చింత మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు.

మర్నాడు పొద్దున కట్టు చూడటానికి వచ్చిన నీలిమ కంబళి ఎత్తి, అట్లాగే నిలబడిపోయింది. ఆ వణుకులో చీర పేలిక ఎప్పుడో జారిపోయి ఉంది. ఎడమ పాదం ఉత్త ఇటుకకే ఆని ఉంది. అరికాలు తెల్లగా ఉడికి, మడమ మీద బొబ్బ చితికి పక్కంతా తడిసింది.

"అయ్యో అన్నా, ఇంత కాలితే పిలవలేదే?"

బావ మోచేతి మీద లేచి చూశాడు. ఎవరి కాలినో చూసినట్టు చూశాడు.

"నొప్పేమీ లేదే" అన్నాడు.

డాక్టరు వచ్చి, "ఇది ఆసుపత్రా, ఇటుకల బట్టీనా?" అని అత్త మీద అరిచాడు. అరిచినవాడు కాస్తా ఏదో అనుమానం వచ్చి ఆగాడు. బావను కళ్ళు మూసుకోమని, కాలని కుడి పాదం మీద పెన్ను మొనతో నొక్కాడు.

"తెలుస్తోందా?"

డాక్టరు పెన్నును మడమ దగ్గరికి జరిపాడు.

"ఇక్కడ?"

"లేదు సార్."

"స్పర్శ పోయి ఎన్నాళ్ళయింది?"

బావ కిటికీ వైపు తిరిగాడు. "రెండేండ్లు" అన్నాడు.

నాకు తెలియదు. ఒకే కప్పు కింద ఉంటూ నాకు తెలియదు. ఒకరోజు ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చి, రెండోది ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదని నవ్వితే నేనూ నవ్వి ఊరుకున్నాను. డిపోలో తెలిస్తే బస్సు దించేస్తారని దాచాడట. క్లచ్చు ఎంత తొక్కాడో కాలికి తెలియదు గనక ఇంజను చప్పుడు విని తొక్కుతున్నాడట. నిండు బస్సును బైరెడ్డిపల్లె మీదుగా కుప్పందాకా చెవులతో తోలాడు నా మొగుడు.

అత్త ఆ మాటంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"సెప్పుంటే పెట్టుందునా నాయనా" అంది.

అంతే. తర్వాత ఇటుకను తీసుకుపోయి ప్రహరీ గోడలో ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టి వచ్చింది.

కడుపు మీది కుట్లు చక్కగా మానాయి. రాళ్ళ నొప్పి మళ్ళీ రాలేదు. ఆపరేషను సక్సెసే, ఎవరిని అడిగినా అదే చెబుతారు. కాలు మాత్రం మానలేదు. అత్త ఊరికి తిరిగి పోకుండా పుంగనూరులో మా దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో మంచం మీద పడుకుని బావ ఆ కట్టునే చూస్తూ ఉండేవాడు. చిటికెన వేలు నల్లబడింది, దాని పక్కది నల్లబడింది. ఊదుబత్తులు ఎన్ని వెలిగించినా ఇంట్లో ఆ వాసన పోయేది కాదు.

చూడను వచ్చినవాళ్ళందరికీ బావ ఒకటే చెప్పేవాడు. ఆయన బస్సులో కండక్టరు రంగప్ప వచ్చినప్పుడూ అదే చెప్పాడు.

"ఎట్ల కాలిందిప్పా ఇంత?"

"సైలెన్సరు తగిలిందిలేప్పా. సూసుకోలేదు."

గడప దగ్గర కూర్చున్న అత్త తల ఎత్తింది. "సైలెన్సరు కాదు రంగప్పా. నేనే కాల్సినా. ఇటిక పెట్టి."

రంగప్ప కాఫీ గ్లాసు పట్టుకుని ఎటు చూడాలో తెలియక నా వైపు చూశాడు.

"నువ్వు ఊరుకోమా" అన్నాడు బావ.

"ఎన్ని దాస్తావు నాయనా? దాసి దాసే కదా ఈడికొచ్చింది."

ఆ తర్వాత ఇంటికి మనుషులు రావడం తగ్గింది. అత్త పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. కొడుక్కి మంచినీళ్ళు కావాలంటే గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టేది గానీ చేతికి ఇచ్చేది కాదు. చలి ముదిరిన కొద్దీ ఆమె చాప కూడా వదిలి వట్టి బండల మీద పడుకునేది. నేను కంబళి కప్పి వస్తే, తెల్లారేసరికి అది మడత పెట్టి నా తలాపున ఉండేది. నాకు కోపం వచ్చేది. ఆమె మీదా, దాచినవాడి మీదా, రెండు దుప్పట్లు ఎక్కువ ఉంచుకోలేని ఆ ఆసుపత్రి మీదా. ముగ్గురిలో ఎవరినీ గట్టిగా అనలేక అంట్లగిన్నెల మీద చూపించేదాన్ని. పగవాళ్ళు చేసింది అయితే తిట్టిపోయవచ్చు. ప్రేమతో చేసిన దాన్ని ఏమని తిడతాం?

పాదం సగం నల్లబడ్డాక కుప్పం పెద్దాసుపత్రికి పోదామన్నారు. రంగప్పే బస్సులో ముందు సీటు పట్టాడు. బావ రోజూ తోలిన దారి అది. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా బావ ఎడమ కాలు కట్టుతో సహా ముందుకు కదిలేది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

"మోకాలి కింద తీసేయాలి. ఇంకా ఆలస్యం చేస్తే మోకాలు కూడా దక్కదు" అన్నాడు అక్కడి డాక్టరు. వెన్నులో ఇచ్చే మత్తు ఈయనకు కుదరదని, మళ్ళీ పూర్తి మత్తే ఇస్తామన్నాడు. ఆ మాటకు అత్త గోడ పట్టుకుంది.

ఆపరేషను గదికి ముందు ఒక చిన్న గది ఉంది. అక్కడ మాధవి అనే నర్సు బావకు కాగితం లాంటి పలచటి దుప్పటి కప్పింది. దానికి ఒక గొట్టం తగిలించి మిషను వేస్తే దుప్పటి మెల్లగా ఉబ్బింది. లోపలంతా వెచ్చటి గాలి.

"ఏమమ్మా ఇది?" అన్నాను.

"మత్తు ఇస్తే ఒళ్ళు తన ఏడి తాను కాపాడుకోలేదక్కా. లోపలేమో సల్లగా ఉంటాది. అందుకే ముందే ఎచ్చజేసి పంపిస్తాము. కోసేటప్పుడూ ఇది పైన ఉంటాది, ఎక్కించే సెలైను గూడా ఎచ్చజేస్తారు. బయటికొచ్చినంక ఒంటి ఏడి సూసి, సరిగ్గా ఉంటేనే వార్డుకు పంపేది."

అత్త తలుపు దగ్గరే నిలబడి వింటోంది. మదనపల్లె వదిలినప్పటి నుంచి ఆమె కొడుకును తాకలేదు.

"ఇది కప్పితే వణుకు రాదా పాపా?"

"రానే రాదని కాదు. సానా తక్కవవ్వా."

"అన్ని ఆసుపత్రుల్లో ఉంటాదా?"

"ఉండాల. కొన్నిట్లో ఉండదు."

"కాలదా?"

"కాలదవ్వా. ఎంత ఏడి గావాల్నో అంతే వస్తాది. రా, పట్టి సూడు."

అత్త వచ్చింది. చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆ చేతిని ఆమె ఇక నమ్మేది లేదు. నడుం వంచి, చెంపను ఆ దుప్పటికి ఆనించింది. బావ గుండెల మీద ఆమె తల అట్లాగే చాలాసేపు ఉండిపోయింది.

"ఇంతేనా?" అంది.

"అంతేవ్వా. అంత సాలు."

"ఈమాత్రం ఏడి నా ఒళ్ళోనే ఉండెనే. పక్కలో పండుకుని గట్టిగా పట్టుకోనుంటే సరిపోవునే. ఇటికను యాల ఎతుక్కుంటిని?"

మాధవి అర్థం కాక నవ్వింది. బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మత్తు ఇంకా ఇవ్వలేదు.

ఆ రోజు ఆయన బయటికి వచ్చినప్పుడు వణుకు లేదు. నుదురు వెచ్చగా, పెదవులు ఎర్రగా, కునుకు తీసి లేచినవాడిలా ఉన్నాడు. అంత బాగా చూసుకున్నారు. దుప్పటి మాత్రం ఎడమవైపు మోకాలి కింద చదునుగా పరుచుకుని ఉంది. అక్కడికి నా చూపు పోకుండా ఉండాలని ఆయన మొహాన్నే చూస్తూ నిలబడ్డాను. చూపు పోనే పోయింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడూ అట్లాగే పోయింది. పొద్దున తొమ్మిదికే ఎండ చురుక్కుమంటోంది, నేను దుప్పట్లన్నీ ఉతికి మిద్దె మీద ఆరేసి కిందికి వచ్చాను. బావ మంచం మీద ముడుచుకుని ఉన్నాడు.

"యమునా, కాలు సల్లగుండాది. ఏదన్నా కప్పు."

కుడి కాలికి దుప్పటి సర్దబోయాను.

"అది కాదు. ఎడమది. పాదం మంచుగడ్డ మీద పెట్టినట్టుండాది. వేళ్ళు గూడా తెలస్తాండాయి."

కొందరికి ఇట్లా అనిపిస్తుందని కుప్పంలో డాక్టరు ముందే చెప్పాడు. లేని కాలు ఉన్నట్టే ఉంటుందని, నరాలు మర్చిపోవడానికి చాలా కాలం పడుతుందని. ఉన్నప్పుడు ఇటుక కాల్చినా తెలియని పాదం, పోయాక ఇప్పుడు చలేస్తోందంటోంది. నేను దుప్పటి పట్టుకుని నిలబడ్డాను.

అత్త గడప అవతల నుంచి విన్నట్టుంది. లేచి వచ్చింది. నా చేతిలో దుప్పటి తీసుకుని, మంచం చివర, పాదం ఉండాల్సిన చోట కూర్చుంది. దుప్పటిని అక్కడ పరిచి, ఆ ఖాళీ కొసను ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులూ చుట్టి, దాని మీద వంగి రొమ్ముకు హత్తుకుంది. పసిబిడ్డను పట్టుకున్నట్టే పట్టుకుంది.

కాసేపయ్యాక, "ఇబ్బుడెట్లుండాది నాయనా?" అంది.

నేను ఆమె వెనక నిలబడి బావకు కళ్ళతో సైగ చేశాను. చెప్పు బావా, వెచ్చగా ఉందని చెప్పు. ఇన్నాళ్ళు అన్నీ దాచినవాడివి, ఈ ఒక్కటీ దాచు.

బావ నా సైగ చూశాడు. తల్లి వంగిన వీపు చూశాడు.

"సల్లగానే ఉండాదిమా" అన్నాడు.

"సరే నాయనా" అని, అత్త దుప్పటిని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.